సర్వర్ మూసేలోపు చేయవలసిన పని

మహబూబ్‌నగర్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆట నడిచే సర్వర్ అద్దె ఈ నెలాఖరుతో అయిపోతోందనీ, నడిపే అబ్బాయి ఇక కట్టలేనంటున్నాడనీ రాశావు. పోయిన మీ స్నేహితుడి పేరిట మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే బ్లాకులు పేర్చి కట్టే ఆ కంప్యూటర్ ఆటలో, మీరందరూ కట్టిన మండపం కూడా దాంతోపాటే పోతుందని నీ బెంగ. పోనక్కర్లేదు బిడ్డా. కానీ నువ్వు అడిగినట్టు మండపం వరకే తీసి తెచ్చుకునే ఆలోచన ఇప్పుడే వద్దు. ఇక్కడి పిల్లలకు ఏళ్లుగా సర్వర్ నడుపుతున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ముందు మీ ఆట ప్రపంచం మొత్తం నీ చేతికి రావాలి. కోతలు తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే కంటికి ఒకటిగా కనిపించే మండపం డిస్కులో ఒకచోట ఉండదు. మీది 1.20 వెర్షన్ కదా. గోడలు, సైన్ బోర్డులు, పెట్టె, అందులోని పుస్తకం 'రీజియన్' ఫోల్డర్‌లో ఉంటాయి. మీ స్నేహితుడి కవచం తొడిగి నిలబెట్టిన ఆర్మర్ స్టాండ్, గోడ ఫ్రేములు ఎంటిటీలు, అంటే బ్లాకులు కాని వస్తువులు. అవి 'ఎంటిటీస్' ఫోల్డర్‌లో ఉంటాయి. 1.17 నుంచి వాటిని అలా విడదీశారు. ఫ్రేముల్లో మ్యాపులు పేర్చి మీరు కూర్చిన అతని బొమ్మ 'డేటా' ఫోల్డర్‌లో ఉంటుంది. రీజియన్ ఒక్కటే కాపీ చేసుకుని మురిసిపోయినవాళ్లను చూశాను. తెరిస్తే గోడలున్నాయి, మనిషి లేడు.

కాబట్టి ఆ అబ్బాయిని సర్వర్ ఆపి, ప్రపంచం ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి ఇమ్మను. నడుస్తుండగా కాపీ చేస్తే ఒక మూల పాతదీ ఒక మూల కొత్తదీ వస్తుంది. మర్యాదగా అడుగు, ఇన్నాళ్లూ తన జేబులోంచి పెట్టుకున్నవాడు. సర్వర్‌ను నడిపే జార్ ఫైలు, మాడ్‌లు (ఆటకు బయటి నుంచి చేర్చే అదనపు ప్రోగ్రాములు) వాడి ఉంటే అవి కూడా తీసుకో. మాడ్ లేకుండా తెరిస్తే దాని బ్లాకులు మాయమవుతాయి, అలాగే సేవ్ అయితే మళ్లీ రావు. కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రపంచాన్ని పాత దానికి దింపడం కూడా కుదరదు. వచ్చిన జిప్‌ను అలాగే దాచి, దాని నకలు మీదే ఏదైనా చెయ్యి.

ఆ అబ్బాయి ఫైలు ఇవ్వలేనంటే, అనుమతి అడిగి, ఆడేవాళ్ల వైపు నుంచి ప్రపంచాన్ని దించుకునే మాడ్ వాడవచ్చు. కానీ అది సర్వర్ మీ కంప్యూటర్‌కు పంపినదాన్నే పట్టుకుంటుంది. మీరు తెరవని పెట్టె ఖాళీగానే దిగుతుంది.

మండపాన్ని మరో ప్రపంచంలో నిలబెట్టాలంటే, కట్టడాన్ని నకలు తీసి మరోచోట దించే స్ట్రక్చర్ బ్లాక్ ఆటలోనే ఉంది. అది ఒక్కసారికి ఏ వైపూ 48 బ్లాకులకు మించి పట్టదు. మీ తోటతో కలిపితే చాలదు, ముక్కలు చేయక తప్పదు. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, అలంపూర్‌లో మళ్లీ పేర్చారు. నువ్వూ అంతే, ప్రతి ముక్క పేరులో దాని కోఆర్డినేట్లు, అంటే ఆటలో అది ఉన్న చోటును చెప్పే అంకెలు, రాయి. స్ట్రక్చర్ బ్లాక్‌లో ఎంటిటీలను చేర్చే మీట మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేయకపోతే ఆర్మర్ స్టాండ్ రాదు.

ఇక రాతల సంగతి. ఆటలో తెలుగు రాస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి కాబట్టి మీరు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాశారు. బోర్డుకు నాలుగే వరుసలు కాబట్టి మాటలు కుదించారు. ఇంకో పదేళ్లకు ఆ పొట్టి మాటలకు అర్థం మీకే తట్టదు. ఎవరు ఏ బోర్డు రాశారో, అసలు ఏమి చెప్పాలనుకున్నారో ఒక టెక్స్ట్ ఫైలులో తెలుగులో పూర్తిగా రాయించు. నా లెక్కలో కట్టడం కన్నా ఈ ఫైలే విలువైనది. 1.20 నుంచి బోర్డు వెనకవైపు కూడా రాయవచ్చు, కాబట్టి ప్రతిదాని వెనక్కి వెళ్లి చూడు.

దేవరకొండలో ఉన్న మీ స్నేహితుడి అమ్మానాన్నలకు జిప్ ఫైలు ఇస్తే ఏం చేసుకుంటారు? మండపంలో నెమ్మదిగా నడుస్తూ, బోర్డులు పైకి చదువుతూ ఒక వీడియో తీసి, వెళ్లి పక్కన కూర్చుని చూపించు. అందరూ దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే ముందు వాళ్లను అడగడం మరువకు. వద్దంటే వద్దు.

జిప్ ఒకటి నీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న స్నేహితుల దగ్గర ఉండాలి. హాస్టల్లో ఒకే పెన్‌డ్రైవ్‌ను నమ్ముకుని కూర్చోకు. ముందుగా నీ కంప్యూటర్‌లో నకలు తెరిచి, ఆర్మర్ స్టాండ్, ఫ్రేముల్లో బొమ్మ, పెట్టెలో పుస్తకం వచ్చాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడు. అన్నీ ఉన్నాయని తేలాకే ఆ అబ్బాయితో సర్వర్ మూసుకోమని చెప్పు. ఏదైనా తక్కువైతే ఆలస్యం చేయకుండా నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య