మంగు మచ్చలకు ఏం రాయాలి?

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. రెండో కాన్పు తర్వాత రెండు చెంపల మీద మంగు వచ్చింది. పత్తి చేనుకు పోతే ఇంకా నల్లబడుతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నెలలో తగ్గింది. మానేయగానే మంట, ఎర్రదనం, మొటిమలు. మచ్చలు కూడా తిరిగొచ్చాయి. రోజూ ఏం చేయాలి?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: ముందు ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివించుకోండి. మోమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటసాల్... వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది. మొదట తెల్లబరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మళ్లీ రాస్తే మంట చల్లారుతుంది కాబట్టే చాలామంది దాన్ని వదల్లేకపోతున్నారు. మీరు మళ్లీ ముట్టుకోకండి. ట్యూబు వెంట తీసుకెళ్లి నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చర్మ డాక్టరుకు చూపించండి. మంట పూర్తిగా తగ్గేదాకా వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ వద్దు.

మంగుకు అసలు మందు ఎండ తగలకుండా చూసుకోవడమే. ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, ట్యూబు మీద ఉంటుంది) 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ తీసుకోండి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. శనగగింజంత రాసి పని చేయలేదనుకునే వాళ్లే ఎక్కువ. ఇంట్లోంచి బయల్దేరే పావుగంట ముందు రాయండి. చేనులో చెమట పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి ముఖం తుడిచి మళ్లీ రాయాలి. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగు సన్‌స్క్రీన్ మేలు. పల్చటి తెల్ల చున్నీలోంచి ఎండ దిగుతుంది. మందంగా, ముదురు రంగులో ఉన్న బట్ట కట్టుకుని పైన వెడల్పు టోపీ పెట్టుకోండి. కట్టెల పొయ్యి సెగ కూడా మంచిది కాదు.

మంట పోయాక, డాక్టర్ సరేనంటే, రాత్రిపూట మచ్చలు తగ్గించే 10 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీము శనగగింజంత, మొదట రోజు విడిచి రోజు. కొద్దిగా చురుక్కుమనడం మామూలే. ఎర్రబడి పొట్టు లేస్తే ఆపేయండి. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండకు పోతే చర్మం కాలి కొత్త మచ్చలు పడతాయి. సున్నిపిండితో గట్టిగా రుద్దినా అంతే, గాయమైన చోట మరింత నల్లబడుతుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి, వాటితోనూ మంగు పెరుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, బరువు ఎక్కువ. మెడ వెనక నల్లగా, మందంగా తయారైంది. ఎంత రుద్దినా పోవడం లేదు.
– ఒక తల్లి, నాగర్‌కర్నూల్

జవాబు: అది మట్టి కాదమ్మా, పీచుతో రుద్దడం ఈరోజే ఆపండి. చంకల్లో కూడా అలాగే ఉందేమో చూడండి. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ శరీరంలో సరిగా పని చేయనప్పుడు చర్మం ఇలా మందమవుతుంది. పరగడుపున షుగర్ పరీక్ష చేయించండి. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి మాన్పించి రోజూ గంటసేపు ఆడనివ్వండి. బరువు తగ్గేకొద్దీ నలుపు కూడా నెమ్మదిగా తగ్గుతుంది. క్రీములు పూసినా లోపలి కారణం అలాగే ఉంటుంది.