అమరులైన సైనికుల పేరుతో టీషర్టులు, కప్పులు అమ్మడం తప్పా?

అమ్మడం దానంతట అదే తప్పు కాదు; కుటుంబాన్ని అడగకుండా పేరో ఫొటోనో వాడుకోవడం, డబ్బు ఎవరికి చేరుతుందో దాచడం తప్పు. చనిపోయిన మనిషి ఔననలేడు, కాదనలేడు. కొనేవాళ్లేమో కప్పును చూసి కాదు, ఆ త్యాగాన్ని చూసి డబ్బిస్తారు.

అసలు తిరకాసు ప్రకటనల్లో ఉంటుంది. 'లాభాల్లో 10 శాతం అమరుల కుటుంబాలకు' అని రాశారనుకోండి. 100కు అమ్మిన కప్పుకు తయారీ, రవాణా, ప్రచారం కలిపి 70 ఖర్చయితే మిగిలేది 30, అందులో కుటుంబాలకు వెళ్లేది 3. కొన్నవాళ్లు మాత్రం 10 వెళ్లిందనుకుంటారు. ఖర్చు పెంచి చూపిస్తే ఆ 3 కూడా ఉండదు. అందుకే ఒక్కో వస్తువుకు ఇంత అని స్థిరమైన మొత్తం, అందుకునే సంస్థ పేరు, చెల్లించే గడువు రాయాలి. అనుమతి కూడా ఏ వస్తువులకు, ఎన్నాళ్లకు అన్నది కాగితం మీద ఉండాలి. భార్య ఒకమాట, తల్లిదండ్రులు ఒకమాట అంటే ఆగిపోవడమే మేలు.

చట్టం అడ్డు చెప్పకపోతే సరేనన్నది చాలామంది పొరపాటు. ఇరాక్‌లో మరణించిన అమెరికా సైనికుల పేర్లను యుద్ధ వ్యతిరేక టీషర్టులపై ముద్రించి అమ్మిన వివాదం తర్వాత, అనుమతి లేని అలాంటి అమ్మకాన్ని అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 2007లో నేరం చేసింది. 2008లో ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టు వాక్ స్వేచ్ఛ కింద ఆ టీషర్టుల అమ్మకందారుకు రక్షణ ఇచ్చింది. కోర్టు తేల్చింది శిక్షించవచ్చా లేదా అన్నదే. అడగకుండా వాడటం సబబా అన్నది దాని ముందున్న ప్రశ్న కాదు.