హెగెల్‌ను నాస్తికుడని తిట్టిన బావర్ తనే నాస్తికుడెలా అయ్యాడు?

‘అంతిమ తీర్పు బాకా’ పుస్తకంలో మాట్లాడేది దాన్ని రాసిన జర్మన్ మతపండితుడు బ్రూనో బావరే అనుకోవడం వల్లే మీకు ఈ చిక్కు. 1841లో పేరు లేకుండా వచ్చిన ఆ పుస్తకంలో జర్మన్ తత్వవేత్త హెగెల్‌ను నాస్తికుడు, క్రీస్తు విరోధి అని దుయ్యబట్టే భక్తుడు బావర్ వేసుకున్న వేషం.

చాలామంది దాటేసేది ఇక్కడే. తిట్లు పక్కన పెట్టి, ఆ ‘భక్తుడు’ చూపే సాక్ష్యాలు చదవండి. కోప్పడుతూనే హెగెల్ మాటలు వరసగా ఎత్తి చూపి, ఆ తత్వంలో దేవుడికి చోటు లేదని, మిగిలేది మనిషి ఆత్మచైతన్యమేనని (తన గురించి తనకుండే ఎరుకేనని) రుజువు చేస్తాడు. అది బావర్ సొంత అభిప్రాయమే! నిందలా కనిపించేదంతా నిజానికి మెచ్చుకోలు.

బావర్ సంప్రదాయం నుంచి ఎలా దూరమయ్యాడో ఈ వరసలో చూసుకోండి:

1. 1835–36: సువార్తల్లోని అద్భుతాలు పురాణకల్పనలన్న జర్మన్ పండితుడు స్ట్రాస్ పుస్తకం ‘యేసు జీవితం’పై బావర్ సమీక్షలు. ఇక్కడ మాత్రం వేషం లేదు, అప్పట్లో బావర్ నిజంగానే సంప్రదాయం పక్షం.
2. 1840: యోహాను సువార్తపై విమర్శ.
3. 1841–42: మిగతా మూడు సువార్తలపై (మత్తయి, మార్కు, లూకా) విమర్శ. వాటిలో మార్కు ముందు వచ్చిందని, అది రచయిత సృష్టేనని వాదన.
4. 1842 మార్చి: జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో బావర్‌కు బోధించే అనుమతి రద్దు.

బావర్ గురించి వ్యాసం రాస్తే, అందులో 1835 నాటి సమీక్షల్నీ ‘బాకా’నీ ఒకే కాలం మాటల్లా పక్కపక్కన పెట్టకండి.