వియన్నా ఒపెరాకి అమ్మని తీసుకెళ్ళొచ్చా?

ఒపెరా (పాటలతో సాగే నాటకం) గురించి ఏమీ తెలియదు, భాష రాదు, పక్కన అమ్మ ఉంటుంది, వియన్నా స్టేట్ ఒపెరాలో అంతసేపు కూర్చోగలమా అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. నేను రెండుసార్లు వెళ్ళాను, రెండోసారి మా అమ్మతోనే.

మొదటిసారి ఒక్కణ్ణే, నిలబడే టికెట్ మీద. మంచి సీట్లు 200 యూరోలు దాటుతాయి, ఇది 20 లోపే వచ్చింది. లోపలికి వెళ్ళగానే అందరూ మెడలో స్కార్ఫ్ తీసి ముందున్న కమ్మీకి కట్టేస్తున్నారు. మన బస్సుల్లో సీటుకి కర్చీఫ్ వేసినట్టే! ఒకసారి కట్టాక ఆ చోటు మీదే, హాయిగా భవనమంతా తిరిగి రావచ్చు. 1869లో తెరిచిన థియేటర్ అది. 1945 మార్చి 12న బాంబులు పడి హాలూ స్టేజీ కాలిపోయాయి. ముందు భాగం, పెద్ద మెట్లు మాత్రం మిగిలాయి. మళ్ళీ కట్టి 1955లో తెరిచారు. అందుకే హాలు కంటే ఆ మెట్ల దగ్గరే ఎక్కువసేపు గడపండి.

ఆ రోజు ఆడింది పుచ్చీని స్వరపరిచిన 'లా బోహెమ్' అనే ఒపెరా. అమ్మకీ అదే ఎంచుకున్నాను, ట్రామ్‌లో కథంతా ముందే చెప్పేశాను. సీటు ముందు చిన్న తెర మీద ఇంగ్లిష్‌లో మాటలు వస్తాయి కానీ అమ్మ దాని వైపు చూడనే లేదు. కొవ్వొత్తి ఆరిపోయి, చీకట్లో తాళంచెవి వెతుకుతుంటే హీరో రోడోల్ఫో చెయ్యి హీరోయిన్ మిమీ చేతికి తగులుతుంది. నీ చెయ్యి ఎంత చల్లగా ఉందో అంటూ పాట ఎత్తుకుంటాడు. మైకు లేదు. సుమారు 1,700 సీట్ల హాల్లో ఆ గొంతు పై అంతస్తు దాకా వెళ్తుంది. చప్పట్లు మోగుతుంటే అమ్మ నా చెవిలో "ఇక్కడ వన్స్ మోర్ అనరా?" అంది. చిన్నప్పుడు ఊళ్ళో రాత్రంతా రాయబారం నాటకం చూసిన మనిషి. కథ తెలియక కాదు, పద్యం కోసం వెళ్ళేవాళ్ళు కదా. ఇదీ అంతేనండి. కథ ముందే చదువుకుని వెళ్ళి, గొంతు వినండి. చివర్లో మిమీ పోయినప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయినా భాష గురించి టెన్షన్‌గా ఉంటే బాలే చూడండి, అది మాటలు లేని నృత్యం. 1964లో ఇక్కడే పేరున్న బాలే నర్తకులు నురెయెవ్, మార్గో ఫాంటెయిన్ 'స్వాన్ లేక్' చేస్తే జనం 89 సార్లు తెర ముందుకు పిలిచారు.

అమ్మకి సీటే తీసుకోండి, బాక్సుల్లో (హాలు పక్కల ఉండే చిన్న గదుల్లాంటి చోట్లు) వెనక వరస మాత్రం వద్దు. నేను తెలియక అదే తీసుకుని, సగం స్టేజి కనపడక చాలాసేపు నిలబడే చూశాను. పట్టుచీర బాగుంటుంది, కోటు హాలు బయట గార్డెరోబ్‌లో, అంటే కోట్లు దాచే చోట, ఇచ్చేయాలి. ఆలస్యమైతే విరామం దాకా లోపలికి పంపరు. బయట మోజార్ట్ వేషంలో టికెట్లు అమ్మేవాళ్ళు కనిపిస్తారు, అవి ఎక్కువగా వేరే హాళ్ళలో కచేరీలకి. కొనేముందు హాలు పేరు చదవండి. జులై, ఆగస్టుల్లో ప్రదర్శనలు ఉండవు, తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి.