ఆ భుజం ఫొటో ముందు తెప్పించు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

1914-డి లింకన్ సెంటు, అంటే డెన్వర్ టంకశాల డి గుర్తున్న అమెరికా ఒక సెంటు నాణెం, ఒకటి దొరికేలా ఉందని రాశావు. గ్రేడింగ్ కంపెనీ పరీక్షించి సీలు వేసిన డబ్బాలో కాదు, విడిగా అమ్ముతున్నాడని కూడా రాశావు. అందుకే ఈ ఉత్తరం. అదే నాణెం దగ్గర నేనోసారి బోల్తా పడ్డాను.

ఆ ఏడాది డెన్వర్ టంకశాల కొట్టిన సెంట్లు దాదాపు 12 లక్షలే. మోసగాళ్లు 1944-డి తీసుకుని, మొదటి 4లో ఎడమ భాగాన్ని గీకేసి 1గా మారుస్తారు. బరువు అదే, డి గుర్తూ అసలుదే. తూకానికి దొరకదు. భూతద్దం పెట్టి లింకన్ భుజం కింద అంచున చూడు. వి.డి.బి. అని శిల్పి పొడి అక్షరాలు కనిపించాయా, ఇక బేరం వద్దు. అవి అక్కడికి వచ్చింది 1918లో. 9కీ 1కీ మధ్య ఎడం ఎక్కువున్నా అనుమానించాల్సిందే. నేను డబ్బిచ్చాక, మర్నాడు చూశాను ఆ అక్షరాలు. అమ్మినవాడు మళ్లీ ఫోన్ ఎత్తితే ఒట్టు!

1916-డి డైమ్‌దీ, అంటే పది సెంట్ల నాణేనిదీ, ఇలాంటి కథే. డెన్వర్‌వి 2,64,000 మాత్రమే. గుర్తు లేని ఫిలడెల్ఫియావి 2 కోట్లు దాటాయి. వాటికి డి అతికించడమే పని.

ఇక నాణేలు పరీక్షించి గ్రేడ్ ఇచ్చే కంపెనీలు పీసీజీఎస్, ఎన్‌జీసీలకు పంపాలా అన్నావు. మామూలు నాణేనికైతే ఫీజు, రానూపోనూ పోస్టేజీ, ఇన్సూరెన్స్ కలిపితే దండగ. ఇలాంటి అరుదైన ఏడాదివైతే అరిగిపోయినా సరే పంపాలి. అక్కడ నువ్వు కొనేది 'అసలుదే' అన్న మాట. నాణెం స్థితికి 70లో ఎంత గ్రేడ్ వేశారన్నది తర్వాత. ఆ అంకె ఒక అభిప్రాయమే, అదే నాణెం రెండోసారి పంపితే మారొచ్చు కూడా. తళతళలాడుతోందని మాత్రం ముచ్చటపడకు. తోమిన నాణేనికి మామూలు గ్రేడ్ ఇవ్వరు, 'డీటెయిల్స్' అని రాసి పంపుతారు, ధర పడిపోతుంది. నా మట్టుకు నేను అరిగినా తోమని నాణేన్నే కొంటాను.

డబ్బాలకూ నకిలీలున్నాయి. నంబరు ఆ కంపెనీ సైటులో కొట్టి, ఫొటో ఉంటే గీతతో గీత పోల్చుకో.

నీ అమ్మకందారుణ్ని రెండే అడుగు. భుజం దగ్గరి ఫొటో, నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తానని రాతపూర్వకంగా ఒక ముక్క. రెండోదానికి నసిగితే నాకు ఫోన్ చెయ్, అడ్వాన్సు పంపకముందే.

మీ మామయ్య