బ్రూస్టర్ కౌంటీకి డాక్టరుగా వెళ్తున్న అమ్మాయికి

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. జే-1 వెయివర్ మీద, అంటే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న జే-1 వీసా షరతు నుంచి మినహాయింపుతో, ఆల్పైన్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషించాను. మ్యాప్‌లో ఆ ఊరి చుట్టూ ఏమీ కనపడక మీ అమ్మ టెన్షన్ పడుతోందట. ఆ మినహాయింపుకి బదులుగా మూడేళ్లు అక్కడే చేయాలి, మధ్యలో ఉద్యోగం మారడం అంత తేలిక కాదు. అందుకే ఆ కౌంటీ ఎలాంటిదో తెలుసుకుని వెళ్లు. పడమటి టెక్సాస్‌లో చాలాకాలం వైద్యం చేసినవాడిగా చెబుతున్నాను. పేషెంటు ఎంత దూరం నుంచి వచ్చాడన్నది అక్కడ బీపీ, షుగర్ అంత ముఖ్యమైన సంగతి.

టెక్సాస్‌లో అన్నిటికన్నా పెద్ద కౌంటీ బ్రూస్టరే. దాదాపు 16,000 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా 15,152. చిత్తూరులో 2011 లెక్కల ప్రకారం 41 లక్షల మంది ఉంటే, బ్రూస్టర్‌లో 2020 లెక్కల్లో తేలింది 9,546 మంది. చదరపు మైలుకు ఒకటిన్నర మనిషి అంటారు కానీ ఆ సగటు నీకు ఉపయోగపడదు. ఆరు వేల మందికి పైగా ఆల్పైన్‌లోనే ఉన్నారు. సల్ రాస్ యూనివర్సిటీ, రైలు స్టేషన్, కోర్టు ఉన్న చిన్న పట్నం అది. మిగిలిన మూడున్నర వేల మందీ మారథాన్, టెర్లింగ్వా, స్టూడీ బ్యూట్ లాంటి చోట్ల, ఎక్కడో లోపలున్న రాంచుల్లో (పశువుల క్షేత్రాల్లో) చెదిరి ఉంటారు. నువ్వు ఎక్కువగా ఆలోచించాల్సింది వాళ్ల గురించే.

టెర్లింగ్వా నుంచి ఆల్పైన్‌కి దాదాపు 80 మైళ్లు. మెయిన్ రోడ్డు దిగాక ఇంటిదాకా ఇంకెంత మట్టిరోడ్డు ఉందో పేషెంటు తనంతట చెప్పడు, నువ్వే అడగాలి. ఎవరు డ్రైవ్ చేసి తీసుకొచ్చారు, చీకటి పడకముందే ఇల్లు చేరతారా అని కూడా అడుగు. రాత్రిపూట రోడ్డు మీదకి జింకలు వస్తాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకి రక్తపరీక్ష, ఎక్స్‌రే, మందులు అన్నీ అదేరోజు అయిపోయేలా చూడు. 'వచ్చేవారం రండి' అంటే చాలామంది ఇక రారు. రోజూ వేసుకునే మందులు నెలకి కాక మూడు నెలలకి రాసివ్వు. అక్కడ చాలా ఇళ్లకి కుళాయి నీళ్లు లేవు, వాననీళ్లు పట్టుకుంటారు, లేదా ట్యాంకుల్లో తెచ్చుకుంటారు. గాయానికి కట్టు కట్టి 'రోజూ శుభ్రంగా కడుక్కోండి' అనేముందు ఇంట్లో నీళ్ల సంగతి కనుక్కో.

కౌంటీ దక్షిణాన రియో గ్రాండే నది, దాని అవతల మెక్సికో. బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ఉన్నది అక్కడే. ఏటా అయిదు లక్షల మంది దాకా వస్తారు, వాళ్లెవరూ జనాభా లెక్కల్లో ఉండరు. మార్చిలో, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులకి ఒక్కసారిగా పెరుగుతారు. ఒకే పార్కులో నది ఒడ్డు ఎత్తు 1,800 అడుగులైతే ఎమరీ శిఖరం 7,800 దాటుతుంది. కొండమీద చల్లగా ఉందని బయల్దేరి కింద ఎడారిలో వడదెబ్బ తిని వచ్చేవాళ్లని చూస్తావు. ఎక్కువ వేడి మే, జూన్ నెలల్లోనే. జులై నుంచి వానలు. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగులు గంటలో పొంగి రోడ్డు ఎక్కుతాయి. ఆ రోజుల్లో నువ్వు కారుతో నీళ్లలోకి దిగకు, ఎంత అర్జెంటైనా సరే.

పెద్ద ఆసుపత్రికి పంపాల్సిన కేసుల్లో నిర్ణయం త్వరగా తీసుకో. ఒడెస్సా దాదాపు 150 మైళ్లు, ఎల్ పాసో 220. హెలికాప్టర్ ఉంటుంది కదా అని ధీమా వద్దు, గాలివాన ఉంటే అది ఎగరదు. హ్యూస్టన్‌లోనైతే 'ఇంకో రెండు గంటలు చూద్దాం' అనొచ్చు, ఇక్కడ ఆ రెండు గంటలు దారికే చాలవు. గుండెపోటు, పక్షవాతం అనుమానం ఉంటే పరీక్షలు నడుస్తుండగానే ఫోన్ మొదలుపెట్టు. ఎల్ పాసోలో టైము మీకన్నా గంట వెనక, డ్యూటీ మారే వేళలు దాన్నిబట్టి చూసుకో.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంత తక్కువ జనంలో పేరు చెప్పకపోయినంత మాత్రాన రహస్యం దాగదు. 'టెర్లింగ్వా నుంచి వచ్చిన డెబ్భై ఏళ్లావిడ' అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది. కాఫీ దగ్గర, పార్టీలో, ఎక్కడా కేసుల మాట ఎత్తకు. కిరాణా షాపులో పేషెంట్లు ఎదురైతే నవ్వి పలకరించు, జబ్బు సంగతి వాళ్లే ఎత్తినా మెల్లగా క్లినిక్‌కి రమ్మను. స్పానిష్ ఇప్పటినుంచే నేర్చుకో. అనువాదం చేయడానికి పిల్లల్ని కూర్చోబెట్టి తల్లితో ఆడవాళ్ల సమస్యలు మాట్లాడటం నాకెప్పుడూ నచ్చలేదు.

పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) ఎప్పుడూ నీ దగ్గర ఉండాలి. టెర్లింగ్వా నుంచి తిరిగొచ్చే 118 రోడ్డు మీద ఆల్పైన్‌కి ముందు బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు గస్తీ) చెక్‌పోస్టు ఉంది, ఆపి అడుగుతారు. పార్కులో బోకియాస్ దగ్గర పడవలో నది అవతల మెక్సికో ఊరికి వెళ్లి భోంచేసి వస్తుంటారు. తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపు సంగతి లాయర్‌ని అడగకుండా నువ్వు మాత్రం ఆ పడవ ఎక్కకు. దక్షిణానికి ఎప్పుడు బయల్దేరినా ఆల్పైన్‌లోనే కారుకి పెట్రోలు ఫుల్ చేయించు, కారులో నీళ్ల క్యాన్లు పెట్టుకో. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో.

పప్పులు, మసాలాలు హ్యూస్టన్ నుంచే రెండు మూడు నెలలకి సరిపడా తీసుకెళ్లు. బయల్దేరేముందు స్పేర్ టైర్ చూపించుకో. అమ్మతో ఆదివారం నేను మాట్లాడతాను.

నీ పెదనాన్న