టెక్ సందేహాలు: హెడర్ ఒకచోట, లైబ్రరీ మరోచోట

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఉన్నది డెబియన్ 11 లినక్స్. ఒక ప్రోగ్రాంకు కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి ప్రోగ్రాంలు వాడుకునే ఫంక్షన్ల కట్ట, అంటే లైబ్రరీ) కావాలంటే 3.0.5 సోర్స్ దించుకుని, నేనే బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు ప్రోగ్రాం కంపైల్ అవుతోంది కానీ, లింక్ చేసేటప్పుడు ‘ఎస్‌ఎస్‌ఎల్ గెట్1 పీర్ సర్టిఫికెట్’ అనే ఫంక్షన్ దొరకలేదంటూ ఆగిపోతోంది. ఆ పేరు నా కోడ్‌లో ఎక్కడా లేదు. కంపైలర్‌లో లోపమా?

జవాబు: కంపైలర్‌ను అనుమానించకండి. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. లైబ్రరీ పేరు మారుతుందంతే, కథ మారదు. మీ యంత్రంలో ఒకే లైబ్రరీకి రెండు ప్రతులు ఉన్నాయి: సిస్టమ్‌తో వచ్చిన 1.1.1, మీరు పెట్టిన 3.0.5. హెడర్ల కోసం, అంటే లైబ్రరీలోని ఫంక్షన్ల పేర్లు చెప్పే ఫైళ్ల కోసం, కంపైలర్ ముందుగా వెతికేది ‘యూఎస్ఆర్ లోకల్’ ఫోల్డర్‌లో. అక్కడ మీ 3.0.5 హెడర్లు దొరికాయి. ‘గెట్ పీర్ సర్టిఫికెట్’ అన్న పాత పేరును 3.0లో మాక్రోగా (కంపైలర్ మరో పేరుతో భర్తీ చేసే మారుపేరుగా) మార్చి, అసలు ఫంక్షన్‌కు ‘గెట్1’ అని పేరు పెట్టారు. మీరు రాయని పేరు మీ ఆబ్జెక్ట్ ఫైల్లోకి, అంటే కంపైలర్ తయారుచేసిన ఫైల్లోకి, వచ్చింది అలాగే. ఇక ఆ ఫైళ్లను లైబ్రరీతో కలిపే లింకర్ దారి వేరు. 64 బిట్ లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 తన లైబ్రరీలను ‘లిబ్64’ ఫోల్డర్‌లో పెడుతుంది. డెబియన్ లింకర్ అంతకన్నా ముందే సిస్టమ్ ఫోల్డర్‌ను చూస్తుంది, 1.1.1 కనబడగానే వెతకడం ఆపేస్తుంది. పాత లైబ్రరీలో కొత్త పేరు ఎందుకుంటుంది?

నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే చూడండి. జీసీసీ కంపైలర్‌కు పెద్దక్షరం ‘హెచ్’ ఆప్షన్ ఇస్తే ఏ హెడర్ ఎక్కడినుంచి వచ్చిందో వరసగా చూపిస్తుంది. లింకర్‌కు ‘ట్రేస్’ ఆప్షన్ ఇస్తే తెరిచిన ప్రతి లైబ్రరీ ఫైలు పేరూ చెబుతుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తగాదా ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సోర్స్ ఫోల్డర్ ఇంకా ఉంటే అక్కడినుంచే ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ చేయండి. ప్రోగ్రాంకు 3.0 తప్పనిసరి అయితే డెబియన్ 12కు మారండి, అందులో 3.0 సిద్ధంగా ఉంది. మారడం కుదరదంటే కొత్త లైబ్రరీని ‘ఆప్ట్’ కింద సొంత ఫోల్డర్‌లో పెట్టి, ప్యాకేజ్ కాన్ఫిగ్‌కు (లైబ్రరీ ఎక్కడుందో బిల్డ్‌కు చెప్పే టూలుకు) ఆ దారి చూపించి, ప్రోగ్రాంలో ఆర్‌పాత్ (నడిచేటప్పుడు లైబ్రరీని వెతకాల్సిన దారి) రాయండి. ఏది చేసినా పాత బిల్డ్ ఫోల్డర్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. సీమేక్ అనే బిల్డ్ టూలు మొదటిసారి దొరికిన దారులను క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది, మీరు ఎన్ని సవరణలు చేసినా వాటినే పట్టుకు వేళ్లాడుతుంది.

అయితే బిల్డ్ ఆగిపోవడం నన్ను అంతగా కలవరపెట్టలేదు. ఆగకుండా సాఫీగా నడిచిపోయి ఉంటే? 3.0.0 నుంచి 3.0.6 వరకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక తీవ్రమైన లోపం ఉండేది. సర్టిఫికెట్‌లోని ఈమెయిల్ చిరునామాను సరిచూసేటప్పుడు హద్దు దాటి మెమరీలోకి రాసేది. 2022 నవంబరు 1న వచ్చిన 3.0.7తో దాన్ని సరిదిద్దారు. మీ సిస్టమ్‌లోని 1.1.1లో ఆ లోపం అసలు లేనేలేదు. లేని లోపాన్ని మీ చేతులతో మీరే తెచ్చిపెట్టుకున్నారు. పైగా ‘యూఎస్ఆర్ లోకల్’లోని ఫైళ్ల సంగతి సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. ప్రతి వారం అప్‌డేట్ చేసినా ఆ 3.0.5 అలాగే పడి ఉంటుంది.

‘ఉబుంటు లినక్స్ 22.04లో 3.0.2 ఉంది కదా, అది నా దానికన్నా పాతది’ అని వాదించేవారూ ఉన్నారు. అంకె పాతదే, లోపల మరమ్మతులు కొత్తవి. ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీదారులు అంకె పెంచకుండానే భద్రతా సవరణలు చేర్చి పంపుతారు. అంకె చూసి భద్రతను లెక్కగట్టే అలవాటు మానాలి.

ప్రశ్న: అప్‌గ్రేడ్ తర్వాత పాత ప్రోగ్రాం ‘లిబ్ఎస్‌ఎస్‌ఎల్ 1.1’ లేదంటోంది. వెర్షన్ 3 ఫైలుకు ఆ పేరుతో షార్ట్‌కట్ లాంటి లింకు పెడితే చాలని ఒక మిత్రుడు చెప్పాడు. ఒక సైట్లో పాత డెబ్ ప్యాకేజీ (డెబియన్ ఇన్‌స్టాల్ ఫైలు) కూడా దొరికింది. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. లైబ్రరీలోని ప్రతి ఫంక్షన్‌కూ వెర్షన్ గుర్తు ఉంటుంది. పేరు మార్చినంత మాత్రాన గుర్తు మారదు కాబట్టి ప్రోగ్రాం మొదలవగానే తనకు కావలసిన పాత గుర్తు కనబడలేదని మొరాయిస్తుంది. రెండోది మరీ ప్రమాదం. డెబ్ ప్యాకేజీలోని స్క్రిప్టులు ఇన్‌స్టాల్ సమయంలో రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద సర్వాధికారంతో, నడుస్తాయి. ఊరూపేరూ లేని సైటుకు మీ యంత్రం తాళాలన్నీ ఇచ్చినట్టే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కుదింపు టూలు ఉదంతం చూశాం కదా. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టినవారు దాన్ని టెస్ట్ ఫైళ్లలో దాచి, విడుదల చేసిన సోర్స్ కట్ట (టార్ ఫైలు)లోని బిల్డ్ స్క్రిప్టు ద్వారా లోపలికి ఎక్కించారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది. నలుగురూ చూసే చోటే అలా జరిగితే, ఎవరూ చూడని సైటులోని ప్యాకేజీకి హామీ ఎవరు? అదీగాక 1.1.1కు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరు 11తోనే ముగిసింది. ఆ ప్రోగ్రాం తయారీదారును కొత్త బిల్డ్ అడగండి. ఇవ్వకపోతే దాన్ని కంటైనర్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట), నెట్ లేకుండా నడపండి.

ప్రశ్న: పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ (సిస్టమే నిర్వహిస్తోంది) అంటూ అడ్డుపడుతోంది. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ వాడవచ్చా?

జవాబు: సిస్టమ్ ప్యాకేజీలు విరిగిపోతాయని ఆ ఆప్షన్ పేరే చెబుతుంటే మళ్లీ నన్ను అడుగుతారేమిటి? వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ను ముట్టుకోకుండా విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) సృష్టించుకోండి, నిమిషం పని.

తప్పంతా మీదే అనను. ఇన్‌స్టాల్ సూచనల్లో మొదటి వరసలోనే ‘సుడో’ (రూట్ అధికారంతో నడిపే ఆదేశం) రాసే ప్రాజెక్టుల మీద నాకు ఎప్పటినుంచో కోపం. నెట్ నుంచి స్క్రిప్టు దించి, చదవకుండా నేరుగా రూట్ షెల్‌కు అందించమనడం వాళ్లకు సౌకర్యం, మనకు ముప్పు. సొంత ఫోల్డర్‌లో ఎలా పెట్టుకోవాలో చెప్పే రెండు వరసలు మాత్రం ఎవరూ రాయరు. బిల్డ్ టూళ్లూ తక్కువ తినలేదు. ‘లైబ్రరీ దొరికింది’ అని మురిసిపోతూ చెప్పే టూలు, ఎక్కడ దొరికిందో, ఏ వెర్షనో కూడా ఆ వరసలోనే చెబితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సగానికి తగ్గుతాయి.

ఉత్తరం రాసేవారికి ఒక విన్నపం. తెర ఫొటో తీసి చివరి వరస మాత్రమే పంపకండి. బిల్డ్‌లో ఒకేసారి అనేక పనులు నడుస్తుంటాయి కాబట్టి అసలు లోపం చాలా పైన ఎక్కడో ఉంటుంది. సమాంతర పనులు ఆపి, ఒక్కో ఫైలే కంపైల్ అయ్యేలా మళ్లీ నడిపి, మొదటి ‘ఎర్రర్’ వరసను టెక్స్ట్‌గా పంపండి.